తువ్వాలు కప్పిన సముద్రం

బడిలో అటెండరుగా కొత్తగా చేరినవాళ్లకు ముందే ఒక సంగతి చెప్పేస్తున్నాను. మీ చేతికిచ్చిన ఆర్డరు కాగితంలో ఉన్న పనులు వేరు, మీరు చేయబోయే పనులు వేరు. గంట కొట్టాలి, గదులు తెరవాలి, రిజిస్టర్లు ఒక గది నుంచి ఇంకో గదికి మోయాలి అని కాగితంలో ఉంటుంది. పదో తరగతి పరీక్ష రోజున ఒకడు హాల్ టికెట్టు ఇంట్లో మరిచిపోయి గేటు దగ్గర ఏడుస్తుంటే ఎవరి బండి ఎవరు తియ్యాలో అందులో ఉండదు. ఏడో తరగతి గదిలోకి కోతి దూరితే ముందు ఎవరు పరిగెత్తాలో కూడా ఉండదు. నా అనుభవంలో ముందు పరిగెత్తింది సోషల్ మాస్టారు. బయటికి.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా ఒకే బడిలో పనిచేశాను. విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న సర్కారు హైస్కూలు. వెనక గోడ అవతల జాలర్ల పేట, ముందు గేటు దాటితే పోర్టు లారీలు తిరిగే రోడ్డు. పిల్లల్లో సగం మంది వేటకెళ్లే ఇళ్లవాళ్లు. మిగతా సగం, పోర్టులోనో స్టీలు ప్లాంటులోనో పని కోసం గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన ఇళ్లవాళ్లు. ఒకరు ‘ఏటి’ అంటే ఇంకొకరు ‘ఆయ్’ అంటారు. సాయంత్రానికి ఎవరి మాట ఎవరి నోట్లో ఉందో వాళ్లకే తెలియదు.

నా చదువు ఏడో తరగతి. ఎనిమిదిలో కొన్నాళ్లు కూర్చున్నాను గాని, లెక్కల మాస్టారు ఎక్స్ విలువ కనుక్కోమన్నారు. దాచింది ఆయన, వెతకాల్సింది నేనా అనిపించి, పెందుర్తి బస్సెక్కి ఇంటికెళ్లిపోయాను. వెళ్లనని మొండికేసినవాడు ఆ తరవాత జీవితమంతా అందరికంటే ముందు బడికెళ్లి తాళం తియ్యాల్సి వచ్చింది. దేవుడికి వేళాకోళం ఎక్కువ.

గంట కొట్టే ముందు

నా మొదటి హెడ్మాస్టారు మహా కోపిష్టి. పిల్లల ముందే టీచర్ల మీద అరిచేవారు. అది తప్పని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. కానీ ఈ ఉద్యోగంలో నాకు మొదటి పాఠం చెప్పింది ఆయనే.

కొత్తలో నాకు గడియారం పిచ్చి. సెకను ముల్లు పన్నెండు మీదికి రాగానే సుత్తి పడాల్సిందే. ఒకరోజు ఎనిమిదో తరగతిలో తెలుగు టీచరు కథ చెబుతున్నారు. పిల్లలు బెంచీల మీంచి ముందుకు వంగిపోయి వింటున్నారు. నేను గంట కొట్టాను. గది మొత్తం ఒక్క గొంతుతో “అయ్యో” అంది. ఆ ‘అయ్యో’ హెడ్మాస్టారి గదిదాకా వినిపించింది. నన్ను పిలిచారు.

“అప్పన్నా, గంట కొట్టేముందు ఏం చూస్తావు?”

“గడియారం సార్.”

“రేపట్నుంచి గడియారం చూశాక కిటికీ కూడా చూడు.”

అంతే. అరవలేదు. ఆ రోజు నుంచి నేను గంట దగ్గరికి వెళ్లే దారిలో కిటికీల్లోంచి ఒక చూపు వేసేవాణ్ని. పాఠం చివరి మెట్టు మీద ఉంటే అర నిమిషం ఆగేవాణ్ని. పిల్లలు నిద్రపోతుంటే అర నిమిషం ముందే కొట్టేవాణ్ని. ఈ రెండో సంగతి ఆయనకు చెప్పలేదు. మీరూ మీ హెడ్మాస్టారికి చెప్పకండి.

నవంబరు

మీ ఉద్యోగంలో మీకు నచ్చే నెల ఏదని ఎవరైనా అడిగితే, సెలవులున్న నెల పేరు చెప్పకండి. నవంబరు చెప్పండి. పోటీలతో, ప్రదర్శనలతో ఆ నెలలో బడి బడిలా ఉండదు, పెళ్లివారి విడిదిలా ఉంటుంది. నేను రిటైరవడానికి ముందు వచ్చిన ఆఖరి నవంబరు గురించి చెబుతాను. ఆ నెలలో నేను చేసినంత పెద్ద తప్పు అంతకుముందెప్పుడూ చెయ్యలేదు, పిల్లలు చూపించినంత గొప్ప పనీ అంతకుముందెప్పుడూ చూడలేదు.

అప్పటి హెడ్మిస్ట్రెస్ కళావతి మేడం. ఏ చిన్న గెలుపు వచ్చినా కాగితం మీద రాసి నోటీసు బోర్డుకు గుచ్చమనేవారు. నెల సగం కాకముందే బోర్డు నిండిపోయి కాగితాలు గోడెక్కాయి.

మొదట ఖోఖో. మా ఆడపిల్లల జట్టుకి మేడం కొత్త బూట్లు తెప్పించారు. పుట్టిన దగ్గర్నుంచి ఇసకలో వట్టి కాళ్లతో పరిగెత్తిన పిల్లలు. మొదటి ఆట బూట్లతో ఆడి, లేచిందానికంటే పడిందే ఎక్కువ. రెండో ఆటకి ముందు అందరూ బూట్లు విప్పి నా ఒళ్లో పడేసి గ్రౌండులోకి దూకారు. అవతలివాళ్లు ద్వారకా నగర్ వైపు నుంచి వచ్చిన పెద్ద ప్రైవేటు బడి పిల్లలు, మంచి ఆటగాళ్లే. కానీ మావాళ్లు మలుపు తిరిగే తీరు చూస్తే గాలి కూడా పక్కకి తప్పుకునేలా ఉంది. గెలిచారు. ఆ రోజు నా ఉద్యోగం పన్నెండు జతల బూట్లకు కాపలా.

వ్యాసరచన పోటీలో ‘నీటి పొదుపు’ మీద ఎనిమిదో తరగతివాడొకడు ఒకే పేజీ రాసి, ‘మిగతా కాగితాలు పొదుపు చేశాను’ అని కింద రాసి సంతకం పెట్టాడు. బహుమతి రాలేదు. నన్ను జడ్జిగా పెడితే ఇచ్చేవాణ్ని.

పిల్లలే టీచర్లయి బడి నడిపే రోజు ఒకటి ఉంటుంది. ఆ రోజు పదో తరగతి అమ్మాయి ఒకతి అటెండరు వేషం తనకు కావాలని అడిగి తీసుకుంది. నా స్టూలు మీద కాలు మీద కాలేసుకుని, వేరుశనక్కాయలు తింటూ, వచ్చినవాళ్లందరికీ “మేడం మీటింగులో ఉన్నారండీ, రేపు రండి” అని చెప్పింది. నేను ఎప్పుడన్నానలా అని స్టాఫ్ రూములో గొడవకి దిగాను. “రోజూ” అన్నారు అందరూ.

ఇక సైన్సు ప్రదర్శన. అసలు కథ ఇదే.

అట్ట మీద సముద్రం

నూకరత్నం అని తొమ్మిదో తరగతి అమ్మాయి. పేటలో ఇల్లు. తండ్రి వేటకెళ్తాడు. తాత పోలయ్యది డెబ్భై దాటిన వయసు, ఇప్పటికీ తెప్ప దిగలేదు. అమ్మాయి క్లాసులో పెద్దగా మాట్లాడదు.

ఒకరోజు వాళ్ల క్లాసులో రామకృష్ణ మాస్టారు లెక్కలు చెబుతున్నారు. ఆయనది గోదావరి జిల్లా, నాన్నగారు స్టీలు ప్లాంటు పని మీద వచ్చి ఇక్కడే ఉండిపోయారు. గ్రాఫు కాగితం మీద ఒక అడ్డ గీత, ఒక నిలువు గీత గీసి, రెండూ కలిసిన చోటే మన చుక్క అంటున్నారు. నేను సంతకం కోసం సర్క్యులర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. నూకరత్నం లేచి నిలబడింది.

“మాస్టారూ, మా తాత సముద్రంలో ఇలాగే సోటు పట్టుకుంటాడు.”

“ఆయ్! ఎలాగమ్మా?”

చెప్పింది. నీళ్ల కింద ఒక రాతి దిబ్బ ఉంటుంది, అక్కడ చేపలు చేరతాయి. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీళ్లు. అందుకని తాత ఒడ్డు వైపు చూస్తాడు. దగ్గరగా ఉన్న కట్టడం ఒకటి, దాని వెనక దూరంగా ఉన్న కొండ ఒకటి, సరిగ్గా ఒకదాని వెనక ఒకటి నిలబడేదాకా తెప్ప నడుపుతాడు. అది ఒక గీత. ఇంకో పక్కకి తిరిగి అలాంటిదే మరో జత చూస్తాడు. అది రెండో గీత. రెండూ కుదిరిన చోట గేలం వదిలితే కింద రాయి ఉన్నట్టే. ఆ జతల్ని పేటలో ‘గురుతులు’ అంటారు.

మాస్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. “ఏవండీ అప్పన్న గారూ, విన్నారా? నేను పుస్తకంలో చూసి చెబుతున్నాను, ఈ అమ్మాయి తాతగారు పుస్తకం లేకుండా చేసేస్తున్నారండీ!” నేను తీసుకోవాల్సిన సంతకం మరిచిపోయి తిరిగొచ్చాను.

దాన్నే ప్రదర్శనకి పెట్టాలని తేలింది. నూకరత్నం ఒక ప్లైవుడ్ అట్టకి నీలం రంగు వేసి, అంచున అట్టముక్కలు త్రికోణాలుగా కత్తిరించి నిలబెట్టి, ‘కొండ 1’, ‘కొండ 2’ అని రాసి, వాటి నుంచి దారాలు లాగి, దారాలు కలిసిన చోట కాగితం పడవ అతికించింది. చక్కగా ఉంది. అర్థమవుతోంది. అక్కడితో ఆపేస్తే బాగుండేది.

నాకు చేతి దురద. బడిలో బోర్డులన్నీ నేనే రాసేవాణ్ని, రంగు డబ్బా కనిపిస్తే ఆగలేను. “ఈ కొండలేటమ్మా, సమోసాల్లా ఉన్నాయి? నాను సేత్తానుండు” అన్నాను. థర్మోకోల్ తెచ్చి అసలు కొండల్లాగే చెక్కాను. ఇది ఏ కొండ, దాని ముందున్నది ఏ కట్టడం అని అడిగాను. పిల్ల కాస్త తటపటాయించింది. నేను మళ్లీ అడిగాను. అడిగినవాడు బడిలో పనిచేసే పెద్దమనిషి కదా, చెప్పింది. ఆకుపచ్చ, మట్టిరంగు, సున్నం తెలుపు వేసి రెండు రోజులు కూర్చుని ముగించాను. ఏ కొండలో, ఏ కట్టడాలో ఇక్కడ రాయను. ఎందుకో మీకే తెలుస్తుంది.

తువ్వాలు

బడిలో ప్రదర్శన రోజున తల్లిదండ్రులు వచ్చారు. అగ్నిపర్వతం దగ్గర చిన్నపిల్లలు, మొబైలు ఛార్జరు దగ్గర పెద్దపిల్లలు మూగారు. మా సముద్రం దగ్గర మాత్రం పేట నుంచి వచ్చిన ఇద్దరు మగవాళ్లు కదలకుండా నిలబడ్డారు. నా ఛాతీ ఉబ్బింది.

“ఇదేటి బావా, ఆ కొండేనా?” అన్నాడు ఒకడు.

“ఆ కొండే బావా! సూడు, సెట్లు కూడా ఏసాను.”

“మరి ఈ దారం దేనిమీంచి ఎల్తంది?”

వేలు పెట్టి చూపించాను. రెండోవాడు ఫోను తీసి నాలుగు ఫొటోలు కొట్టాడు. కొండల పక్కన నేను కూడా నవ్వుతూ నిలబడ్డాను. “నువ్వు కొంచెం పక్కకి జరుగు బావా” అన్నాడు. కళను మెచ్చుకునేవాళ్లు ఇలాగే ఉంటారనుకుని జరిగాను.

కాసేపటికి పోలయ్య వచ్చాడు. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ముసలాయన అట్ట ముందు నిలబడి ఒక కన్ను మూశాడు. అది తెరిచి రెండో కన్ను మూశాడు. తరవాత భుజం మీద తువ్వాలు తీసి, నెమ్మదిగా విప్పి, సముద్రాన్నీ కొండల్నీ మొత్తం కప్పేశాడు. శవం మీద గుడ్డ కప్పినట్టు అంచులు సర్దాడు.

“ఎవుడేసాడీ కొండలు?”

“నానే బావా! ఎలాగున్నాయి?”

“ఎవుడ్రా నీకు బావ?”

ఆయన మనవరాలి వైపు తిరిగాడు. “అమ్మీ, సంచీ తీసుకో. పద.” నూకరత్నం సంచీ తీసుకుంది. తల ఎత్తలేదు. తువ్వాలు అట్ట మీదే ఉండిపోయింది.

జిల్లా ప్రదర్శనకి ఇంకా ఎనిమిది రోజులుంది. మా బడి నుంచి వెళ్లాల్సింది ఆ అట్టే. మర్నాడు అమ్మాయి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మేడం నన్ను పిలిచారు.

“అప్పన్న గారూ, అసలేం చేశారు మీరు?”

“రంగు వేశానండి.”

“రంగు మీరు వేశారు, బడి ఆ పిల్ల మానేసింది. వెళ్లి మాట్లాడండి.”

“మీరొస్తే మర్యాదగా ఉంటుందేమో మేడం...”

“మర్యాదకి నేను తరవాత వస్తాను. ముందు తప్పు చేసినవాళ్లు వెళ్లాలి.”

నేను చూసిన ఎనిమిదిమంది హెడ్లలో ఆమెకే నేను మనసులో మొదటి మార్కు వేస్తాను. మన తప్పుని తన భుజానికెత్తుకుని మనల్ని చిన్నబుచ్చే అధికారులు ఉంటారు. మన తప్పు మన చేతికే ఇచ్చి, తలుపు తీసి పంపేవాళ్లు తక్కువ.

ఒడ్డున చెప్పకూడని మాట

పొద్దున్నే వెళ్లాను. పోలయ్య తెప్ప నీడలో కూర్చుని గేలాలకు చిక్కు విడదీస్తున్నాడు. నా వైపు చూడలేదు.

“కూకో.”

కూర్చున్నాను. “తప్పయిపోయింది” అన్నాను.

“ఏటి తప్పు? తప్పేటో తెల్సా నీకు?”

ఎన్నో జోకులు వేసి ఎందరి దగ్గరో తప్పించుకున్నవాణ్ని. ఆ ముసలాయన ముందు ఒక్కటీ దొరకలేదు. “తెల్దు” అన్నాను.

“తెల్దన్నావు. బాగుంది. అయితే ఇను.”

చెప్పాడు. ఆ రాయి ఆయన తండ్రికి దొరికింది. మిగతా చోట్ల వల ఉత్తదే వచ్చే రోజుల్లో కూడా అక్కడ గేలం వేస్తే ఒకటో రెండో కోనాం చేపలు పడతాయి. అంతే, ఒక ఇంటికి సరిపడా. పదిమందికి తెలిస్తే వారం తిరక్కుండా అక్కడ రాయి మాత్రమే మిగులుతుంది. కొడుకు ఫోనులో దారి చూసుకుని వేటకెళ్లే కాలం ఇది. అయినా ఈ రాయిని మాత్రం ఫోనుకి ఎక్కించనివ్వలేదు.

“మా అయ్య నాకు తెప్ప మీద సెప్పాడు. నడి నీళ్లల్లో. గురుతు ఒడ్డున సెప్పకూడదు. ఒడ్డున ఇనేవోళ్లు ఎక్కువ.”

నాకు అప్పుడొచ్చింది అనుమానం. ఆడపిల్లని తెప్ప ఎక్కించరు కదా. “మరి నూకరత్నానికి ఎలా తెలిసింది?”

ముసలాయన చెయ్యి గేలం మీద ఆగిపోయింది.

“నానే సెప్పాను. మా వోడికి ఆ కొండలేటో అడగాలని ఒక్కనాడూ తోసలేదు. ఇదొక్కతే అడిగింది. అప్పుటికి ఏడేళ్ల గుంట. నా ఒళ్లో కూకుని, నాలాగే ఒక కన్ను మూసి, ‘తాతా, అటెందుకు సూత్తన్నావు’ అంది. అడిగినోళ్లు లేకే కదా నానూ ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. సెప్పీసాను. ఇదిగో, ఇక్కడే, ఒడ్డున.” ఇసక మీద అరచేత్తో కొట్టాడు. “కప్పింది నీ కొండల్ని కాదు. నా నోటిని.”

గుడిసెలోంచి నూకరత్నం టీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఇంతలో పోలయ్య మూతి ఒక పక్కకి వంగింది. నవ్వు అని నేను వెంటనే పోల్చుకోలేదు.

“నిన్న రెండు బోట్లు ఎల్లినాయి, నీ బొమ్మ ఫోన్లో ఎట్టుకుని. పొద్దల్లా తిరిగి ఉత్త సేతుల్తో వొచ్చినాయి.”

“అదెలా?”

నూకరత్నం నేల చూస్తూ చెప్పింది. “అప్పన్న మావా, నువ్వు ఆ కట్టడం కొండకి ఇటేపు ఎట్టీసావు. అది అటేపు ఉంటాది.”

“అటేపు రంగు సరిగ్గా ఆరలేదు. ఇటైతే అందంగా ఉంటాదని... మరి నాకు సెప్పలేదేం?”

“అంత ముచ్చటగా ఏసావు కదా. బాధ పడతావని.”

పోలయ్య పైకే నవ్వాడు. నా బొమ్మలు చూసి ఎవరైనా అంత మనస్ఫూర్తిగా నవ్వడం అదే మొదటిసారి. నేను మాత్రం నవ్వలేకపోయాను. నేను ఇంకాస్త నేర్పుగా వేసి ఉంటే ఈ ఇంటి పొయ్యి ఆరిపోయేది. పిల్లల పనిలో చెయ్యి పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: వాళ్లు సమోసాల్లాంటి కొండలు పెట్టారంటే దానికో కారణం ఉండొచ్చు. అడగండి. జవాబు చెప్పడానికి తటపటాయిస్తే రెండోసారి అడక్కండి.

టీ అయిపోయింది. నూకరత్నం కదల్లేదు.

“తాతా, గురుతులు సెప్పను. గురుతు ఎలా కట్టాలో సెప్తాను. కొండలొద్దు. సముద్రం వద్దు. అక్కడి గ్రౌండులో ఏటుంటే దాంతోనే.”

ముసలాయన మరో మూడు గేలాలు విడదీశాడు. ఆ మూడు గేలాలసేపు ఆ పిల్ల ఊపిరి తీసుకున్నట్టు నాకనిపించలేదు.

“నానూ వొత్తాను,” అన్నాడు చివరికి. “ఒక్క మాట జారిందంటే, అక్కడికక్కడ లేపి తీసుకొచ్చీత్తాను.”

రుషికొండ దారిలో

నా కళాఖండాన్ని నేనే పీకేసి, మిగిలిన రంగు గరుకు కాగితంతో గీకాను. సమోసా కొండలు మళ్లీ నిలబడ్డాయి. మిగిలిన రోజులు నూకరత్నం బడి గ్రౌండులో సాధన చేసింది. ఎవరో ఒకరు సుద్దముక్కని ఇసకలో పాతేవారు. తను ఆ చోట నిలబడి రెండు జతలు చూసుకుని, గేటుదాకా వెళ్లి తిరిగొచ్చి కాలితో తవ్వేది. మొదటి రోజు నాలుగడుగుల దూరం. మూడో రోజు జానెడు. నేను గ్రౌండు ఊడ్చాను. అంతకుమించి ఏదీ ముట్టుకోలేదు.

జిల్లా ప్రదర్శన రుషికొండ దారిలో ఒక కాలేజీలో. వరండాలోంచి చూస్తే సముద్రమూ కొండలూ బారుగా కనిపిస్తాయి. పోలయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, మనవరాలి బల్లకి పది అడుగుల దూరంలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

జడ్జిగా వచ్చినాయన కాలేజీ ప్రొఫెసరు. అట్ట చూసి, “బావుంది. ఇది నిజంగా పనిచేస్తుందా, లేక బొమ్మ మాత్రమేనా?” అన్నారు.

“మీ పెన్ను ఇస్తారా సార్?” అంది నూకరత్నం.

బయటికి నడిచాం. ప్రొఫెసరు గ్రౌండు మధ్యలో తనకిష్టమైన చోట పెన్ను మూత పాతి, పైన ఇసక సర్ది, చుట్టూ నాలుగుచోట్ల కాలితో చెరిపారు. అమ్మాయి ఆ చోట నిలబడి ఒక కన్ను మూసి, ఒకసారి జెండా కర్ర వెనక, ఒకసారి నీళ్ల కుళాయి వెనక ఏముందో చూసుకుంది. రామకృష్ణ మాస్టారు ఆమెను అవతలి అంచుకి తీసుకెళ్లి మూడుసార్లు గిరగిరా తిప్పారు. తిప్పుతూ ఆయనకే కళ్లు తిరిగాయి.

నూకరత్నం తిరిగి నడిచింది. తెప్ప నడిచినట్టే నడిచింది: కొంచెం ఎడమకి, ఆగి, అర అడుగు వెనక్కి, మళ్లీ కుడికి. ఆగింది. మడమతో ఇసక కదిపింది. నల్లటి పెన్ను మూత బయటపడింది. చుట్టూ మూగిన పిల్లలు వేరే బడులవాళ్లయినా చప్పట్లు కొట్టారు. మాస్టారు చెమట తుడుచుకుంటున్నట్టు కళ్లు తుడుచుకున్నారు.

ప్రొఫెసరు ముఖం వెలిగిపోయింది. సముద్రం వైపు చెయ్యి చాపారు. “అమ్మా, ఇప్పుడు మీ తాతగారి అసలు చోటు చెప్పు. ఆ కొండల్లో ఏవి? మ్యాపు మీద పెట్టి కోణాలు కొలిచి చూపిస్తే ఈ ప్రాజెక్టుకి ఎదురుండదు. ఫస్టు ప్రైజు ఎక్కడికీ పోదు.”

ఆయన మంచి మనసుతోనే అడిగారు. నేనూ మంచి మనసుతోనే అడిగాను కదా.

నూకరత్నం స్తంభం వైపు చూసింది. పోలయ్య కదల్లేదు. తల ఊపలేదు, అడ్డంగానూ ఊపలేదు. ఆ ముసలాయన తను చెప్పాల్సింది చెప్పేశాడు, ఇక ఆ పిల్లదే నిర్ణయమని అప్పుడర్థమైంది నాకు.

“నాకు తెల్సు సార్,” అంది. “కానీ అది మా తాతది. మీరు ఇంకో పది సోట్ల మూత దాచండి, పదీ తీసిత్తాను. అదొక్కటీ సెప్పను.”

“బహుమతి పోతే?”

“పోనీండి సార్. వొచ్చే ఏడు మళ్లీ వొత్తాది.”

ప్రొఫెసరు నవ్వి, చీటీ మీద ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

ఫస్టు ప్రైజు చెత్త వేస్తే థాంక్యూ చెప్పే చెత్తబుట్టకి వచ్చింది. ప్రతి ఏడూ ఎవరో ఒకరు తెస్తారు, ప్రతి ఏడూ అది గెలుస్తుంది. నూకరత్నానికి రెండోది. మొదటి రెండూ రాష్ట్రస్థాయికి వెళ్తాయని మైకులో చెప్పేసరికి, మాస్టారు నన్ను పట్టుకుని ఊపేశారు. మేడం ఫోనులో “నోటీసు బోర్డు మీద చోటు ఉంచండి” అన్నారు. చోటు లేదు. ఖోఖో కాగితం పక్కకి జరపొచ్చు అనుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సులో తాతామనవరాలూ నా ముందు సీటులో కూర్చున్నారు. నూకరత్నం సర్టిఫికెట్టు మడత పడకుండా ఒళ్లో రెండు చేతులతో పట్టుకుంది. సగం దూరం వచ్చాక ముసలాయన అటూ ఇటూ చూశాడు. తరవాత మెల్లగా అన్నాడు.

“అమ్మీ, ఇంకో రాయుంది.”

“ఎక్కడ తాతా?”

“నీ బాబుకి కూడా తెల్దు. అది మటుకు ఒడ్డున సెప్పను. ఆదివారం తెప్ప ఎక్కు.”

ఆ పిల్ల సర్టిఫికెట్టు వదిలేసింది. అది కిందికి జారి నా కాళ్ల దగ్గరికొచ్చింది. తీసి ఇద్దామని వంగితే ఇద్దరి మధ్యకి నా తల వెళ్లింది.

“ఆడపిల్లని ఎక్కనిత్తారా తాతా?”

“తెప్ప నాది. ఎవుడడుగుతాడు?”

చెప్పి, ముసలాయన వెనక్కి తిరిగి, వంగి ఉన్న నన్ను చూశాడు. “నువ్వు అటు సూడు” అన్నాడు.

కిటికీలోంచి అటు చూశాను. ముప్ఫై ఏళ్లకు పైగా తలుపుల దగ్గర నిలబడి బడిలో ప్రతి మాటా విన్నవాణ్ని. నాది కాని మాట వినకుండా చెవులు మూసుకున్నది ఆ ఒక్కసారే.